డీజిలు మీటరు ఉండాల్సిన చోట

మా నాన్న బోటులో స్టీరింగుకి కుడిపక్కన, డ్యాష్‌బోర్డు మీద, గుండ్రటి కన్నం ఒకటి ఉండేది. స్టీలు టీ గ్లాసు సరిగ్గా పట్టేంత కన్నం. ఈ కొలత నేను ఊహించి చెబుతున్నది కాదు. చాలాకాలం అందులో నిజంగానే టీ గ్లాసు ఉండేది. డ్యాష్‌బోర్డు ఏటవాలుగా ఉండడం వల్ల గ్లాసులో సగానికి మించి టీ పోయడానికి వీల్లేదు. మా నాన్న రోజుకి నాలుగుసార్లు ఆ సగం గ్లాసే తాగేవాడు. డాక్టరు కూడా తగ్గించమన్నాడు కదా అనేవాడు.

పెద్ద బోటేం కాదు. పదిమంది కూర్చునే ఫైబరు బోటు, చిన్న డీజిలింజిను. యానాం రేవు నుంచి గౌతమి అవతల లంకకి మనుషుల్ని దాటిస్తుంది. లంకలో రొయ్యల చెరువులున్నాయి. పొద్దున్నే చెరువుల మీద పనికి వెళ్ళేవాళ్ళూ, మేత బస్తాలూ, మధ్యాహ్నం తిరిగొచ్చే జనం. దీనికి ముందు మా నాన్న కర్ర నావ నడిపాడు, అంతకుముందు వాళ్ళ నాన్న దగ్గర గెడ వేసి నావ తోశాడు. నేను మాత్రం సైన్సు మేస్టారునయ్యాను. ఏటి ఒడ్డున పుట్టి నీళ్ళ గురించి నల్లబల్ల మీద బొమ్మలు గీసి బతికినవాణ్ణి.

ఆ కన్నం డీజిలు మీటరుది. బోటు కొన్నప్పుడు మీటరు ఉంది. ఉప్పుగాలికి రెండేళ్ళలో ముల్లు పట్టేసింది. ట్యాంకు ఖాళీగా ఉన్నా, నిండుగా ఉన్నా సగమే చూపించేది. బాగుచేస్తానని ఒక మెకానిక్కు ఊడదీసి పట్టుకెళ్ళాడు. తర్వాత మెకానిక్కూ కనిపించలేదు, మీటరూ కనిపించలేదు. మా నాన్న ఏమీ బాధపడలేదు. గాట్లు పెట్టిన వెదురు పుల్ల ఒకటి ఆయన దగ్గరుండేది. దాన్ని ట్యాంకులో ముంచి, తడి ఎంతవరకూ అంటిందో చూసేవాడు. "మీటరుకి రోగవొత్తాది గానీ పుల్లకేవొత్తాదిరా" అనేవాడు.

దాన్ని కన్నం అని నేను ఇక్కడ రాస్తున్నాను గానీ బోటులో ఉండగా ఆ మాట అనడానికి లేదు. కన్నం, చిల్లు, బొక్క, ఇవేవీ మా నాన్న నీళ్ళ మీద అననిచ్చేవాడు కాదు. నీళ్ళ మీద ఉన్నవాడు చిల్లు మాట ఎత్తకూడదట. అందుకని దాన్ని 'గూడు' అనేవాళ్ళం. పాత ఇళ్ళలో దీపం పెట్టుకోడానికి గోడకి గూడు ఉంటుందే, అలా. కొత్తగా ఎక్కిన వాళ్ళెవరైనా "ఇదేంటండీ ఇక్కడ బొక్కుంది?" అంటే, మా నాన్న ఇంజిను కూడా తగ్గించి, "గూడండి అది, గూడు" అని దిద్దేవాడు.

మా ఇంట్లో ఇలాంటి పట్టింపులు చాలా ఉండేవి. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ఏ వస్తువునీ 'అయిపోయింది' అనలేదు. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. మనిషి వెళ్ళడు, వెళ్ళొస్తాడు. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. చిన్నప్పుడు ఒకసారి అమ్మ "బియ్యం నిండుకున్నాయిరా, కొట్టుకెళ్ళు" అంటే, నిండుగా ఉంటే కొట్టుకెందుకని నేను డబ్బా మూత తీసి చూశాను. అడుగున నాలుగు గింజలున్నాయి. అమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, లేదనే మాట ఇంట్లో అంటే నిజంగానే లేకుండా పోతుందనీ, అందుకే అలా తిప్పి చెప్పుకుంటామనీ చెప్పింది. ఆ తర్వాత నేనెప్పుడూ పొరబడలేదు. నా భార్య కాకినాడలో పెరిగిన మనిషి. 'అయిపోయింది' అని ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. అమ్మ పోయాక మా వంటింట్లో అన్నీ మామూలుగా అయిపోవడం మొదలుపెట్టాయి. ఆ పాత మాట మా నాన్న నోట్లో మాత్రం మిగిలింది. బియ్యంతో ఆయనకి పనిలేదు కాబట్టి డీజిలుకి వాడేవాడు.

నాకు ఒక్కతే కూతురు. డిగ్రీ అయింది. బ్యాంకు పరీక్షలకి చదవమని నేను పుస్తకాలు తెచ్చి బల్ల మీద పేర్చాను. తను పొద్దున్నే లేచి తాతతో రేవుకి పోయేది. మొదట్లో సరదా అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి లైసెన్సు కూడా తెచ్చుకుంది. పోటు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో, పాటు తీసి నీళ్ళు సముద్రంలోకి పోయినప్పుడు ఇసక మేటలు ఎక్కడ తేలతాయో నాకంటే దానికే ఎక్కువ తెలుసు. మా నాన్న ముఖంలో ఆ సంవత్సరం చూసిన వెలుగు నేను మేస్టారునైనప్పుడు కూడా చూడలేదు. అది నాకు కొంచెం గుచ్చుకుందనే చెప్పాలి. "మీ మేస్టారికి నీళ్ళంటే బయ్యం, మా అమ్మడికి లేదు" అని రేవులో నలుగురితో అనేవాడు. మా అమ్మాయిని ఆయన అమ్మడూ అనే పిలుస్తాడు. ఇంట్లో నాకూ దానికీ రోజూ గొడవే. ఆ పుస్తకాల మీద దుమ్ము నేనే తుడిచేవాణ్ణి.

గొడవపడలేనప్పుడు నేను చేతిపని చేస్తాను. అది నా అలవాటు. వాళ్ళిద్దరి లోకంలో నాకూ ఏదో ఒక చోటు కావాలి కదా. ఆ గూడు నాకు దొరికింది. టీ గ్లాసు తీయించేసి, అందులో ఫోను చార్జింగు సాకెట్టు పెడదామని బయల్దేరాను. సాకెట్టు చిన్నది, కన్నం పెద్దది. మధ్యలో బిగించడానికి టేకు చెక్కతో ఒక గుండ్రటి చక్రం చేయాలి. మూడు ఆదివారాలు దాని మీదే కూర్చున్నాను. ఒకటి వదులైంది, ఒకటి పగిలింది, మూడోది కుదిరింది. ఉప్పుగాలికి తట్టుకోవాలని వార్నీషు రెండు పూతలేశాను. ఇంత శ్రద్ధగా నేను ఏ పాఠమూ చెప్పి ఉండను.

ఆ వారంలోనే మా నాన్న కంటికి ఆపరేషన్ అయింది. శుక్లం తీశారు. నల్లద్దాలు పెట్టి, పది రోజులు రేవు మొహం చూడొద్దన్నారు. అందుకని బోటు మా అమ్మాయి చేతికొచ్చింది. మొదటి మూడు రోజులూ బాగానే తిప్పింది. రోజూ సాయంత్రం ఎన్నిసార్లు దాటిందో తాతకి చెప్పేది, డీజిలు లెక్క ఆయనే కట్టేవాడు. నాలుగో రోజు ఆదివారం. నేను చెక్క చక్రం, స్క్రూడ్రైవరు పట్టుకుని పొద్దున్నే రేవుకి వెళ్ళాను. జనం ఎక్కుతుండగానే స్టీరింగు కిందకి దూరి, వెల్లకిలా పడుకుని, వైర్లు కలుపుతున్నాను.

ట్యాంకు వెనక సీటు కింద ఉంటుంది. ఆ రోజు దాని మీద మేత బస్తాలు ఎక్కించేశారు. పుల్ల ముంచాలంటే బస్తాలన్నీ దించాలి. అవతల పాటు మొదలైపోతోంది, తొందరగా దాటకపోతే మేటల మీద పడతాం. మా అమ్మాయి తాతకి ఫోను చేసింది. చేతిలో తాడు ఉందని స్పీకరులో పెట్టి, స్టీరింగు పక్కన పెట్టింది. అంటే నా తలకి మూరెడు దూరంలో.

"తాతయ్యా, ట్యాంకులో డీజిలెలా ఉంది?"

"నిండుకుందమ్మడూ. చూస్కో."

"సరే తాతయ్యా."

ఇదే ఆ సంభాషణ. ఒక్క అక్షరం కలపలేదు. నిండుకుంది, కాబట్టి క్యానుతో పోయించుకో అని ఆయన చెప్పాడు. నిండుగా ఉంది, జాగ్రత్తగా వెళ్ళు అని మా అమ్మాయి విన్నది. దాని తప్పు ఏముంది? తాత బోటులో ఉన్నన్నాళ్ళూ డీజిలు సంగతి ఆయనే చూసుకునేవాడు, ఆ మాట దానికి ఎవరూ నేర్పలేదు. 'చూస్కో' అన్న మాట కూడా రెండు వైపులకీ సరిపోయేలా పడింది.

కానీ ఆ బోటులో మాట తెలిసినవాణ్ణి ఒకణ్ణున్నాను. డ్యాష్‌బోర్డు కింద పడుకుని విన్నాను. స్పష్టంగా విన్నాను. విన్నప్పుడు నా చెక్క చక్రం చివరి చుట్టులో బిగుసుకుంటోంది. అది సరిగ్గా కూర్చుంటుందా లేదా అన్నదే నా ప్రాణం. మాట చెవిలో పడింది, లోపలికి పోలేదు. సాకెట్టులో చిన్న నీలం దీపం వెలిగింది. నేను బయటికి వచ్చి, చేతులు దులుపుకుని, "చూశావా, ఎంత బాగా కుదిరిందో" అన్నాను. "సూపర్ నాన్నా" అంది. రేవు మెట్ల మీద నిలబడి చెయ్యూపాను.

ఏటి మధ్యకి వెళ్ళాక ఇంజిను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బోటులో ఏడుగురున్నారు. పాటు లాగుతోంది. గౌతమి అక్కడ నిదానంగా కనబడుతుంది గానీ పాటు తీసేటప్పుడు నిదానం ఉండదు. బోటు అడ్డం తిరిగి దరియాలతిప్ప వైపు, సముద్రం మొగ వైపు కొట్టుకుపోవడం మొదలుపెట్టింది. మా అమ్మాయి భయపడిందో లేదో ఇప్పటికీ నాకు చెప్పలేదు. అందర్నీ కింద కూర్చోబెట్టి, లంగరు వేసింది. మొదటిసారి పట్టలేదు. రెండోసారి మేట దగ్గర పట్టింది. వలలు ఎత్తుకుని వస్తున్న దరియాలతిప్ప వాళ్ళు చూసి, తాడు కట్టి లాక్కొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. మేత బస్తాలు కూడా తడవలేదు.

రేవులో దిగగానే ఒకావిడ నోరు చేసుకుంది. "ఆడపిల్ల చేతికి బోటిచ్చి మా ప్రాణాలు తీద్దావనుకున్నారేటండీ?" ఇంకొకాయన లైసెన్సు ఎవరిచ్చారన్నాడు. మా అమ్మాయి పెదవులు బిగపట్టి నిలబడింది. కబురు ఎవరు చెప్పారో, మా నాన్న నల్లద్దాలతోనే ఆటోలో వచ్చి దిగాడు. ఎవరినీ మాట్లాడనివ్వలేదు. "పిల్లనేం అనకండి. డీజిలు గురించి నన్నడిగింది. నేనే తప్పు చెప్పేను. పెద్దోణ్ణి, మతి తప్పింది. తప్పు నాది" అన్నాడు. తప్పు చెప్పలేదని ఆయనకి తెలుసు. కానీ మాట విడమరిచి చెబితే తప్పు పిల్ల మీదికి పోతుందని కూడా తెలుసు.

నేను పక్కనే ఉన్నాను. అప్పుడు, సరిగ్గా ఆ మెట్ల మీద, నాకు ఫోనులోని మాట తిరిగి వినబడింది. నోరు మాత్రం మెదపలేదు.

ఆ తర్వాత పదకొండు రోజులు గడిచాయి. ముసలాయనకి మతి పోయిందట అన్న మాట ఫరంపేటలో మా వీధిదాకా వచ్చింది. కన్ను బాగుపడింది, అద్దాలు తీసేశారు, అయినా మా నాన్న రేవుకి పోలేదు. పొద్దున్నే లేచి, చొక్కా తొడుక్కుని, అరుగు మీద కూర్చుని, ఎండెక్కాక చొక్కా విప్పేసేవాడు. ఆయన ఎక్కడికీ వెళ్ళకుండా ఒక పొద్దు గడపడం నా యాభై ఏళ్ళలో చూడలేదు. మా అమ్మాయి బోటు తిప్పుతూనే ఉంది, కానీ తాతతో మాటల్లేవు. "ఉన్నదున్నట్టు చెప్పొచ్చుగా. గుర్తు లేకపోతే లేదని చెప్పాలి. అందరిముందూ నన్ను చేతకానిదాన్ని చేశాడు" అని వాళ్ళమ్మ దగ్గర ఏడ్చింది. నేను పక్కగదిలోంచి విన్నాను. వినడంలో నాకు సాటి లేరు.

ఎందుకు చెప్పలేదని చాలాసార్లు ఆలోచించాను. పిరికితనం, అంతే. ఇంకోటి కూడా ఉంది, అది రాయడానికి చేతులు రావడం లేదు. ఈ దెబ్బతో పిల్ల బోటు మానేసి బల్ల దగ్గర కూర్చుంటుందేమో అన్న ఆశ నాలో ఒక మూల కదిలింది. కావాలని విననట్టు ఊరుకున్నానా అంటే, కాదు. ఒట్టేసి చెప్పగలను. జరిగాక మాత్రం నాలో పూర్తిగా బాధే ఉందని ఒట్టేయలేను.

చెప్పలేక, మళ్ళీ చేతిపనికే దిగాను. కాకినాడ వెళ్ళి, షాపులన్నీ తిరిగి, ఆ కన్నానికి సరిపోయే కొత్త డీజిలు మీటరు తెచ్చాను. సాకెట్టు పీకేశాను. మూడు ఆదివారాల టేకు చక్రాన్ని ఏట్లోకి విసిరేశాను. అది మునగలేదు, తేలుకుంటూ పోయింది. ట్యాంకులో కొత్త ఫ్లోటు బిగించి, వైరు లాగి, మీటరు కూర్చోబెట్టాను. ముల్లు లేచి ముప్పావు దగ్గర నిలబడింది. పుల్ల ముంచి చూస్తే అంతే ఉంది. తప్పు దిద్దేశానన్న తృప్తి కూడా కలిగింది, సిగ్గులేకుండా.

మా అమ్మాయి వచ్చి మీటరు చూసింది. చూసి, "హమ్మయ్య. ఇంక తాతయ్య మాట నమ్ముకోనక్కర్లేదు" అంది.

నా చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. నేను బాగుచేసినదేమిటో అప్పుడు అర్థమైంది. మా నాన్న మీద పడిన నిందని నాలుగు స్క్రూలతో బిగించేశాను. పిల్ల ఇక జన్మంతా ఆ ముల్లు చూసినప్పుడల్లా తాత తప్పు చెప్పాడనే అనుకుంటుంది.

"మీ తాత తప్పు చెప్పలేదమ్మా" అన్నాను. నిండుకోవడమంటే ఏమిటో చెప్పాను. బియ్యం డబ్బా సంగతి చెప్పాను. అది నవ్వబోయి ఆగింది. "ఆ రోజు ఫోనులో మాట నేను విన్నాను. దాని అర్థం నాకు తెలుసు. నా ధ్యాస దీని మీదుంది" అని డ్యాష్‌బోర్డు చూపించాను.

అది మీటరు వైపు చూసింది. తర్వాత, "తాతయ్యకి చెప్పావా?" అంది.

"లేదు."

"ఇన్ని రోజులూ?"

"లేదు."

"ముందు రేవులో చెప్పు నాన్నా. తాతయ్యని మతిపోయిందన్నది ఇక్కడే. తర్వాత ఇంట్లో చెప్పు. నేను చెప్పను. నువ్వే చెప్పాలి." ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అంది. నా క్లాసులో పిల్లలతో నేను అలా మాట్లాడతాను.

మర్నాడు పొద్దున్న జనం ఎక్కే వేళకి మెట్ల మీద నిలబడి చెప్పాను. ఆ రోజు నోరు చేసుకున్న ఆవిడే ముందు నవ్వింది. "నిండుకుందంటే మాకు తెలీదేటండీ? మా అత్త రోజూ అదే మాటండాయ్. అయితే ముసలాయన సరిగ్గానే చెప్పేడన్నమాట. మేస్టారూ, మీరు మళ్ళీ బళ్ళో చేరాలండి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రేపు ముసలాయన్ని పంపమన్నారు, టీ గ్లాసుకి చోటేదీ అని ఒకాయన అడిగాడు. ఇంత తేలికా అనిపించింది. పదకొండు రోజులు దేనికి భయపడ్డానో గుర్తురాలేదు. ఇంటికి నడుస్తూ మా నాన్నకి చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. నీ పేరు పోగొట్టాను, మన్నించు అనాలి. రేవులో అందరికీ చెప్పేశాను, ఇంక ఎవరూ మాట అనరు అనాలి.

ఆయన అరుగు మీద చొక్కాతో కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పేశాను. మధ్యలో అడ్డు రాలేదు. అయ్యాక మూడు ప్రశ్నలడిగాడు.

"అప్పుడు నువ్వెక్కడున్నావ్?"

"బోట్లోనే. స్టీరింగు కింద."

"నా మాట ఇనబడ్డాదా?"

"వినబడింది."

"మాట నీకు తెల్సుగా. మీయమ్మ నేర్పిందిగా."

"తెలుసు నాన్నా. నీకు చెడ్డపేరు తెచ్చాను. ఇందాక రేవులో అందరికీ..."

ఆయన చెయ్యెత్తి ఆపాడు. పేరు మాట ఆయనకి పట్టలేదు. రేవులో ఏమన్నారని అడగలేదు. నన్ను చూశాడు. కొత్తగా బాగుపడ్డ కంటితో, నాకు తెలియని మనిషిని చూసినట్టు చూశాడు.

"ఆ బోట్లో నీ కూతురుందిరా" అన్నాడు.

చెప్పులు తొడుక్కుని రేవు వైపు నడిచాడు. నన్ను రమ్మనలేదు.